గూగుల్‌లో ఉంది సార్!

డిగ్రీ ఫైనలియర్ ప్రాజెక్టు వైవా జరుగుతోంది. నా ముందున్నది స్పైరల్ బైండింగ్ చేయించిన నలభై పేజీల రిపోర్టు, బ్రిటిష్ పాలనలో విద్యావిధానం మీద. అలవాటు కొద్దీ ముందు చివరి పేజీ తిప్పాను. 'రిఫరెన్సులు' అన్న శీర్షిక కింద మూడే మూడు వరుసలు: గూగుల్ డాట్ కామ్, వికీపీడియా డాట్ ఆర్గ్, యూట్యూబ్ డాట్ కామ్. ఎవరింటికి వెళ్లొచ్చావని అడిగితే ఆర్టీసీ బస్సులో వెళ్లొచ్చానన్నట్టుంది.

మొదటి పేజీలో పెళ్లిపత్రిక మీద శ్లోకంలా, చుట్టూ బార్డరు కట్టి బ్రిటిష్ అధికారి మెకాలే మాట ఒకటి వేశారు. భారతదేశం నలుమూలలా తిరిగాను, ఒక్క బిచ్చగాడు గానీ ఒక్క దొంగ గానీ కనబడలేదు, ఈ జాతి వెన్ను విరవాలంటే వీళ్ల పాత చదువును మార్చేయాలి అని ఆయన 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో చెప్పాడట.

"ఈ మాట ఎక్కడిదమ్మా?"

"గూగుల్‌లో ఉంది సార్."

"గూగుల్‌లో ఎవరు రాశారు?"

"చాలామంది రాశారు సార్. ఏది ఓపెన్ చేసినా ఉంది."

ఆ జవాబును తీసిపారేయలేను. పదిమంది ఒకే మాట చెబితే నమ్మడం లోకరీతి. పైగా అదే మాటను ఒక కాలేజీలో సెమినార్ ఫ్లెక్సీ మీద చూశాను, ఆ ఫ్లెక్సీ కిందే కూర్చుని ఉపన్యాసమూ ఇచ్చాను. అంతకన్నా ముందు, ఉద్యోగంలో చేరిన కొత్తలో, క్లాసులో నేనే చెప్పాను. ఎక్కడ చదివానో గుర్తులేదు. చెప్పగానే వెనక బెంచీల దాకా నిశ్శబ్దం కమ్ముకోవడం మాత్రం గుర్తుంది. ఆ నిశ్శబ్దం బాగుందనిపించి మరుసటి ఏడాదీ చెప్పాను.

అది కల్పించిన మాట అని తేల్చడానికి పెద్ద పరిశోధనేం అక్కర్లేదు. మెకాలే మద్రాసులో ఓడ దిగింది 1834 జూన్‌లో. తిరిగి ఇంగ్లండు వెళ్లింది 1838లో. కాబట్టి 1835 ఫిబ్రవరిలో ఆయన కలకత్తాలో ఉన్నాడు, లండన్ పార్లమెంటులో కాదు. దేశానికి వచ్చి అప్పటికి గట్టిగా ఎనిమిది నెలలు కూడా కాలేదు, నలుమూలలూ తిరిగింది ఎప్పుడు? ఆ తేదీన ఆయన రాసింది విద్య మీద పేరుమోసిన 'మినిట్' అనే అధికారిక నోటు. అందులో ఉన్నదేమో సంస్కృతం, అరబ్బీ సాహిత్యాలన్నీ కలిపినా యూరప్ గ్రంథాలయంలో ఒక్క అలమర అరకు సాటిరావన్న ఈసడింపు. అసలు మెకాలేకు మన చదువంటే చులకన. ఈ ఫ్లెక్సీ మెకాలేకు మన చదువంటే హడలు. ఇద్దరూ ఒకే రోజు ఒకే మనిషిలో ఇమడరు.

తమాషా ఏమిటంటే, ఆ రిపోర్టులోనే పద్నాలుగో పేజీలో అసలు మినిట్ ప్రస్తావన ఉంది, అదే తేదీతో. అంటే మెకాలే ఒకే రోజున మొదటి పేజీలో లండన్‌లోనూ, పద్నాలుగో పేజీలో కలకత్తాలోనూ ఉన్నాడు. టైపు చేసిన విద్యార్థిని గమనించలేదు, సంతకం పెట్టిన గైడు గమనించలేదు. రిపోర్టుకు ఒక సర్టిఫికెట్ మాత్రం జతచేశారు: కాపీ పది శాతం లోపే అని. 2018లో యూజీసీ తెచ్చిన నిబంధనల్లో పోలిక పది శాతం దాకా ఉంటే శిక్ష లేదు. ఆ లెక్కనే మా దగ్గర డిగ్రీ ప్రాజెక్టులకూ పాటిస్తున్నారు. సాఫ్ట్‌వేర్ చూసేది వాక్యం ఇంకొకరిదా కాదా అనే. వాక్యం నిజమా కాదా అన్నది దానికి పట్టదు. అబద్ధాన్ని సొంత మాటల్లో రాస్తే సున్నా శాతం వస్తుంది.

ఈ రోగం కుర్రవాళ్లదే అనుకుంటే పొరపాటు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ఒక అధ్యయనం వెలువరించారు. చరిత్రలో పీహెచ్‌డీలు ఉన్నవాళ్లు పదిమంది, వృత్తిరీత్యా నిజనిర్ధారణ చేసేవాళ్లు పదిమంది, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు ఇరవై ఐదుమంది. అందరికీ కంప్యూటర్లు ఇచ్చి, రెండు పిల్లల వైద్యుల సంఘాల వెబ్‌సైట్లు చూపించి, ఏది నమ్మదగిందో చెప్పమన్నారు. ఒకటి 1930లో పుట్టిన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, అరవై వేల పైచిలుకు సభ్యులున్నది. రెండోది దాంతో విభేదించి 2002లో బయటికొచ్చిన ఒక చిన్న గుంపు, పేరు అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రిషియన్స్. స్వలింగ జంటలు పిల్లలను పెంచుకోవడం మీద వచ్చిన తగాదాలోంచి పుట్టింది. దాని వెబ్‌సైటు మాత్రం శుభ్రంగా, హుందాగా ఉంటుంది.

విద్యార్థుల్లో ఎక్కువమంది చిన్న గుంపు వైపే మొగ్గారు. అది సరే. చరిత్రకారుల్లో కూడా పలువురు తేల్చుకోలేకపోయారు, అదీ నన్ను కుదిపిన సంగతి. వాళ్లు ఏం చేశారంటే, చదువుకున్నవాళ్లు చేసే పనే చేశారు. పేజీని పైనుంచి కిందికి శ్రద్ధగా చదివారు, భాష చూశారు, ఫుట్‌నోట్లు చూశారు. నిజనిర్ధారకులు అలా చేయలేదు. పేజీ తెరిచి అర నిమిషం తిరక్కుండానే దాన్ని వదిలేసి, పక్కన మరో నాలుగు ట్యాబులు తెరిచి, ఈ సంఘం గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూశారు. పరిశోధకులు దీన్ని పక్కకు చదవడం అన్నారు. సంబంధం చూడ్డానికి వెళ్లిన మన పెద్దవాళ్లకు ఇది తెలిసిన విద్యే. పిల్లవాడింట్లో కాఫీ తాగి, వాళ్లు చెప్పిందంతా విని, తిరిగి వస్తూ వీధి చివర కిరాణా కొట్టు దగ్గర ఆగేవారు.

మన కాలేజీల్లో అరకొరగా నేర్పేది కూడా కాఫీ తాగడమే. వెబ్‌సైటు చివర డాట్ ఆర్గ్ ఉందా, తేదీ వేశారా, రచయిత పేరుందా, 'మా గురించి' అన్న పేజీ ఉందా అని టిక్కులు పెట్టే పట్టిక ఒకటి ఓరియెంటేషన్ క్లాసులో పంచుతారు. ఆ టిక్కులన్నీ మోసగాడు కూడా పెట్టించుకోగలడు. డాట్ ఆర్గ్ డొమైన్ డబ్బు కడితే ఎవరికైనా ఇస్తారు.

పట్టిక పక్కన పెట్టి నేను రెండేళ్లుగా క్లాసులో వేరే పని చేస్తున్నాను. ఏటా సెప్టెంబరులో చేస్తాను, అప్పుడైతే సరుకు చేతికందుతుంది. 1948 సెప్టెంబర్ 17న హైదరాబాద్ సంస్థానం లొంగిపోయింది. ఆ రోజును ఏమనాలి? తలా ఒక ఆధారం తెమ్మంటాను, ప్రభుత్వానిదే అయి ఉండాలి అంటాను. పిల్లలు హుషారుగా వెళ్తారు, ఎందుకంటే ప్రభుత్వానిదంటే ఇక తిరుగులేదని వాళ్ల నమ్మకం. మర్నాడు బోర్డు మీద రాస్తే పంచాయితీ మొదలవుతుంది. 2022లో తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం దాన్ని జాతీయ సమైక్యతా దినంగా జరిపింది. అదే ఏడాది, అదే హైదరాబాద్ నగరంలో, కేంద్రం హైదరాబాద్ విమోచన దినం జరిపింది. 2024లో రాష్ట్రంలో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. ఇవన్నీ అధికారికమే. అన్నిటికీ కాగితాలున్నాయి. వీటికి తోడు ఊళ్లలో పెద్దవాళ్ల నోట విలీనం అన్న మాటా ఉంది, విద్రోహం అన్న మాటా ఉంది.

"అయితే ఏది కరెక్టు సార్?" అని అడుగుతారు. పెన్ను మూత తీసి పెట్టుకుని మరీ అడుగుతారు, చెప్తే రాసుకుందామని.

అక్కడ ఆపి ఒక్క సంగతి చెప్తాను. ప్రభుత్వం ఆ రోజును ఏమని పిలిచిందో తెలుసుకోవడానికి ప్రభుత్వ ఉత్తర్వును మించిన ఆధారం లేదు. ఆ రోజున, ఆ తర్వాత వారాల్లో పల్లెల్లో ఏం జరిగిందో తెలుసుకోవడానికి అదే ఉత్తర్వు చిత్తు కాగితం. కాగితం ఒకటే, ప్రశ్న మారింది. సంస్థానం మీద సైనిక చర్య తర్వాత జరిగిన హింస మీద నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువగా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. పరిశోధకులు దశాబ్దాల తర్వాత గానీ దాన్ని తీరిగ్గా చదవలేకపోయారు. అదీ ప్రభుత్వం వేసిన కమిటీయే! ప్రభుత్వం అన్న ఒక్క మాటతో ఆధారం బరువు తూచడం కుదరదని పిల్లలకు అప్పుడు వెలుగుతుంది. ఒకరిద్దరు మాత్రం పెన్ను మూత పెట్టేసి, 'ఇది పరీక్షలో వస్తుందా రాదా' అన్నట్టు చూస్తారు. వాళ్లనూ తప్పుపట్టను.

అమెరికాలో కాలేజీ, పరిశోధన గ్రంథాలయాల సంఘం 2016లో ఆమోదించిన బోధనా చట్రంలో మొదటి అంశం ఇదే: ప్రామాణికత నిర్మించుకునేది, సందర్భాన్ని బట్టి ఉండేది. దీన్ని 'ఎవరి నిజం వాళ్లది' అని చదివేవాళ్లున్నారు, అది తప్పుడు చదువు. మన నైయాయికులు ఈ చిక్కును ఎప్పుడో విప్పారు. ఉన్నదున్నట్టు తెలిసినవాడు, తెలిసింది తెలిసినట్టు చెప్పాలనుకునేవాడు ఆప్తుడు, ఆయన మాట ప్రమాణం. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమే అని వాత్స్యాయనుడి న్యాయభాష్యం చెబుతుంది. కులాన్ని బట్టి, పీఠాన్ని బట్టి కాదు, ఆ సంగతి అతనికి తెలుసా లేదా అన్నదాన్ని బట్టి. దేశమంతటా సంస్కృత పాఠశాలల్లో పిల్లలు తర్కానికి మొదటి పుస్తకంగా చదివే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. ఆ పుస్తకం మన దగ్గర పరీక్షకు బట్టీ పట్టేవాళ్లున్నారు గానీ, వాట్సాప్ ఫార్వర్డు మీద దాన్ని ప్రయోగించినవాళ్లు నాకు తగల్లేదు.

ఇక మా సంగతి. విద్యార్థికి ప్రామాణికత నేర్పాల్సిన అధ్యాపకుల ఇల్లు ఎంత చక్కగా ఉందో చెప్పకపోతే ఈ వ్యాసం దొంగ వ్యాసం అవుతుంది.

ఒకప్పుడు ప్రమోషన్‌కు ఏపీఐ అనే పనితీరు పాయింట్లు కావాల్సి వచ్చేవి, పాయింట్లకు పేపర్లు, పేపర్లకు ఐఎస్ఎస్ఎన్ నంబరున్న జర్నల్. ఐఎస్ఎస్ఎన్ అంటే పత్రికకు కట్టే నంబరు ప్లేటు మాత్రమే, డ్రైవరుకు లైసెన్సు ఉందని దానికి అర్థం కాదు. అయినా మా స్టాఫ్ రూముల్లో ఏళ్ల తరబడి 'ఐఎస్ఎస్ఎన్ ఉందా' అన్నదే నాణ్యతకు పరీక్ష. మూడు వేలు కడితే మూడు రోజుల్లో అచ్చు, దాంతోపాటు రంగుల సర్టిఫికెట్. సోమవారం పంపి గురువారం అచ్చయిన వ్యాసాన్ని నిపుణులు పరిశీలించారని సంతకం పెట్టినవాళ్లం మేమే. పేపర్ల సంఖ్య మీద కన్నేసిన ఆ రోజుల్లో నా పేరు మీదా అలాంటివి రెండున్నాయి. వాటిని ఎవరూ చదవలేదు, నా అదృష్టం.

ఈ వ్యాపారానికి హైదరాబాద్ ప్రపంచ పటంలో చోటు సంపాదించింది. ఇక్కడి నుంచి నడిచే ఓమిక్స్ ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. నిపుణుల పరిశీలన పేరుతో పరిశోధకులను మోసం చేసిందని, ఫీజులు దాచిపెట్టిందని నిర్ధారించి, 2019లో అక్కడి ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. అంతకుముందు 2013లో జాన్ బొహానన్ అనే విలేఖరి సైన్స్ పత్రిక కోసం ఒక పని చేశాడు. కావాలని తప్పులు పెట్టిన నకిలీ వ్యాసాన్ని 304 జర్నళ్లకు పంపాడు. 157 ఒప్పుకున్నాయి. ప్రచురణకర్తల్లో మన దేశం వాళ్లు పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. 2018 మేలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నళ్లను ఒక్కసారి తీసేసింది. అప్పటిదాకా వాటిలో రాసి ప్రమోషన్లు పొందినవాళ్లు పొందారు. తర్వాత యూజీసీ కేర్ అని ఇంకో జాబితా పెట్టారు, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేసి, ఏ జర్నల్ మంచిదో మీరే తేల్చుకోండి అని విశ్వవిద్యాలయాలకు వదిలేశారు. జాబితా లేకపోవడం నాకు దిగులు కాదు. జాబితా చూసి తప్ప తేల్చుకోవడం రానివాళ్లకు ఆ పని అప్పగించారు, దిగులు అక్కడ.

పేరున్న పత్రికలు తప్పు చేయవా అంటే, చేస్తాయి. కోవిడ్ రోజుల్లో 2020 మే 22న లాన్సెట్ హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద ఒక వ్యాసం వేసింది, 96 వేల మంది రోగుల లెక్కలతో. ఆ లెక్కలు ఎక్కడివో చూపించమని వైద్యులు నిలదీశారు. చూపించలేకపోయారు. జూన్ 4న వ్యాసం వెనక్కి పోయింది. పదమూడు రోజులు. నేను విద్యార్థులకు చూపించేది ఈ పదమూడు రోజులనే. లాన్సెట్ గొప్పదవడం దాని పేరు వల్ల కాదు. తప్పు చేస్తే పట్టుకునేవాళ్లు దాని చుట్టూ ఉన్నారు, పట్టుకున్నాక అది అందరి ముందూ దిద్దుకోవాల్సి వచ్చింది. మూడు వేల రూపాయల జర్నల్లో తప్పు రాస్తే పట్టుకునేవాడు లేడు, దిద్దే పేజీ లేదు. వికీపీడియా పేజీకి కూడా వెనకాల చరిత్ర, చర్చ అని రెండు ట్యాబులుంటాయి. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో వాటిలో కనిపిస్తుంది. వికీపీడియాను నిషేధించే లెక్చరర్లలో ఎక్కువమంది ఆ ట్యాబులు తెరిచి చూసినవాళ్లు కారు.

ఈ మధ్య విద్యార్థి గూగుల్ దాకా కూడా వెళ్లడం లేదు, చాట్‌జీపీటీనే అడుగుతున్నాడు. న్యూయార్క్‌లో ముప్పై ఏళ్ల అనుభవమున్న లాయరు ఒకాయన విమాన సంస్థ మీద వేసిన కేసులో ఇలాగే అడిగి, అది చెప్పిన పాత తీర్పులను కోర్టుకు సమర్పించాడు. అలాంటి తీర్పులు లేనేలేవు. 2023 జూన్‌లో జడ్జి ఐదు వేల డాలర్ల జరిమానా వేశాడు. నాకు నవ్వు తెప్పించింది జరిమానా కాదు. అనుమానం వచ్చి ఆయన ఆ తీర్పు నిజమైనదేనా అని మళ్లీ చాట్‌జీపీటీనే అడిగాడు. నిజమే అంది. మా విద్యార్థిని ఏది ఓపెన్ చేసినా ఉందనడానికీ దీనికీ పెద్ద తేడా లేదు, పేజీ వదిలి బయటికి రాకపోవడమే రెండింట్లోనూ జరిగింది.

పరిశోధనలో నీతి, ప్రచురణ మోసాలు అన్న రెండు క్రెడిట్ల కోర్సు యూజీసీ 2019 చివర్లో పీహెచ్‌డీ వాళ్లకు తప్పనిసరి చేసింది. మంచిదే. అయితే పీహెచ్‌డీ దాకా వచ్చేది వందలో ఎందరు? డిగ్రీతో ఆగిపోయి, రేపు ఊళ్లో మందుల మీద, భూముల మీద, ఓట్ల మీద నలుగురికీ చెప్పాల్సినవాడికి ఆ రెండు క్రెడిట్లు లేవు. వాడు ఇంటర్‌లో ఇంపార్టెంట్ క్వశ్చన్లు, డిగ్రీలో ఆల్ ఇన్ వన్, ఆ తర్వాత కోచింగ్ సెంటర్ మెటీరియల్ చదివాడు. ప్రతి దశలోనూ ఒకే పుస్తకం, ఒకే జవాబు. రెండు పుస్తకాలు విభేదించుకోవడం వాడు చూసే సందర్భం ఎక్కడుంది?

ఒక్క చోట ఉంది. పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్స్ పరీక్ష ప్రాథమిక కీ వచ్చిన రోజు, హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ వెళ్లి చూడండి. టీ కొట్టు బల్లల మీద పుస్తకాలు పరుచుకుని, ఫోన్లలో పీడీఎఫ్‌లు తెరుచుకుని కుర్రాళ్లు వాదించుకుంటుంటారు. కీలో రెండు అన్నారు, మూడు రావాలి. అకాడమీ పుస్తకంలో ఇలా ఉంది, ఎన్‌సీఈఆర్‌టీలో అలా ఉంది. ఇది పాత ఎడిషన్‌రా, కొత్తదాంట్లో మార్చారు. అధికారికం కాని వెబ్‌సైటు చూపిస్తే కమిషన్ ఒప్పుకోదు, గెజిట్ దొరుకుతుందేమో వెతుకు. అభ్యంతరం పెట్టాలంటే రచయిత, ప్రచురణకర్త, ఎడిషన్, పేజీ నంబరు రాసి నకలు జతచేయాలి. ఒక్క మార్కు కోసం అర్ధరాత్రి దాకా కూర్చుంటారు. వీళ్లే మూడేళ్ల కిందట నా క్లాసులో 'గూగుల్‌లో ఉంది సార్' అన్నవాళ్లు. వీళ్లకు ఆధారం బరువు తూచడం చేతకాదని ఎలా అనగలను? తూచాల్సిన అవసరం మేమెప్పుడూ కల్పించలేదు, అంతే.

అందుకని కిందటి సెమిస్టర్ నుంచి నా క్లాస్ నోట్సునే కీగా ప్రకటించాను. అభ్యంతరాలు స్వీకరించబడును, గడువు పది రోజులు, కమిషన్ ఫార్మాట్‌లోనే రాయాలి, నిలబడిన అభ్యంతరానికి రెండు మార్కులు. మొదటి వారం ఏమీ రాలేదు. సార్ నోట్సులో తప్పు చూపిస్తే సార్‌కు కోపమొస్తుందన్న భయం ఒక పక్క, ఇదేదో కొత్త పరీక్షేమో అన్న అనుమానం ఒక పక్క. ఎనిమిదో రోజున ఒక అమ్మాయి నుంచి కాగితం వచ్చింది. మెకాలే 1835లో ఇండియా వచ్చాడని నోట్సులో ఉంది, 1834 అని ఉండాలి. ఆధారం, ఆయన మేనల్లుడు ట్రెవెల్యాన్ 1876లో అచ్చువేసిన జీవితచరిత్ర. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికిన ప్రతి నుంచి పేజీ ప్రింటు తీసి, తేదీ కింద పెన్సిల్‌తో గీత గీసి, పిన్ను కొట్టి ఇచ్చింది.

క్లాసులో ఆ తేదీ నోటితో ఎన్నోసార్లు సరిగ్గానే చెప్పి ఉంటాను. నోట్సులో మాత్రం తప్పు పడింది, అదే నాలుగు బ్యాచ్‌ల జిరాక్సుల్లో తిరుగుతోంది. అభ్యంతరం నిలబడిందని బోర్డు మీద రాసి సంతకం పెట్టాను. ఆ అమ్మాయికి రెండు మార్కులు వేద్దామని ఇంటర్నల్స్ షీటు తెరిచాను. అసైన్‌మెంటుకు ఒక గడి ఉంది, సెమినారుకు ఒకటి, హాజరుకు ఒకటి. దీనికి గడి లేదు. హాజరులో కలిపాను.